ఐదు స్టార్లు, అన్నేసి ఫిర్యాదులు

ఈ నెల వాహనాల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఖరీదైన ఎస్‌యూవీల గురించే ఉన్నాయి. ప్రమాద పరీక్షల్లో వచ్చిన స్టార్లకూ, కొన్నవారు చెప్పే ఇబ్బందులకూ పొంతన కుదరడం లేదన్నది చాలామంది సందేహం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించాము.

ప్రశ్న: మేమిద్దరమూ వైద్యులం. ఎనభై, తొంభై లక్షల మధ్య ధరలో ఒక యూరప్ కంపెనీ ఎస్‌యూవీ కొనాలని నిర్ణయించుకున్నాము. దానికి యూరప్‌లో ప్రమాద పరీక్షలు జరిపే సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. తీరా అడ్వాన్సు కట్టే సమయానికి, అదే బండి వాడుతున్న మిత్రులిద్దరు గేరు మారేటప్పుడు కుదుపు వస్తోందనీ, స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడిపోతోందనీ, హెచ్చరిక దీపాలు కారణం లేకుండా వెలుగుతున్నాయనీ చెప్పారు. స్టార్లను నమ్మాలా, మిత్రులను నమ్మాలా?
(వైద్య దంపతులు, విజయవాడ)

జవాబు: రెంటినీ నమ్మండి. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. స్టార్లు ఇచ్చే సంస్థ కొత్త బండిని తీసుకుని, నిర్ణీత వేగంతో, నిర్ణీత కోణంలో ఢీకొట్టించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మల తల, మెడ, ఛాతీ, తొడల మీద ఎంత ఒత్తిడి పడిందో కొలుస్తుంది. ఆ బండి మూడో ఏట వానాకాలంలో ఎలా నడుస్తుందో, గేర్‌బాక్స్ ఎన్ని వేల కిలోమీటర్లకు మొరాయిస్తుందో అక్కడ ఎవరూ చూడరు. మీ మిత్రులు చెప్పినది పూర్తిగా ఈ రెండో సంగతి.

ముందు స్టార్ల సంగతి చూద్దాం. యూరో ఎన్‌క్యాప్ 2009 నుంచి 2025 వరకు పెద్దల రక్షణ, పిల్లల రక్షణ, పాదచారుల వంటి బయటివారి రక్షణ, ప్రమాదాన్ని తప్పించే పరికరాలు అనే నాలుగు విభాగాలకు విడివిడిగా శాతాలు ఇచ్చి, వాటి మీద స్టార్లు నిర్ణయించింది. ప్రకటనలో కనిపించేది స్టార్ల సంఖ్య మాత్రమే కాబట్టి, ఆ శాతాలను మీరే వెతికి చదవాలి. పరీక్ష జరిగిన సంవత్సరాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. 2020లో ఆ సంస్థ పాత ఎదురు ఢీ పరీక్షను తీసేసి, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండిని, అదే వేగంతో ఎదురొచ్చే 1,400 కిలోల ట్రాలీతో ఢీకొట్టించే పద్ధతిని తెచ్చింది. ఎదుటి వాహనానికి ఈ బండి ఎంత హాని చేస్తుందో కూడా అందులో లెక్కలోకి వస్తుంది. 2015 నాటి ఐదు స్టార్లూ, 2022 నాటి ఐదు స్టార్లూ ఒకటి కావు. ఇరవై ఏళ్ల కిందటి పదో తరగతి ఫస్ట్ క్లాసునూ నేటి ఫస్ట్ క్లాసునూ పక్కపక్కన పెట్టి పోల్చం కదా, ఇదీ అంతే.

మరొక మెలిక ఉంది. ఆ పరీక్షకు వెళ్లేది యూరప్‌లో అమ్మే బండి. అక్కడ ప్రతి మోడల్‌లోనూ వచ్చే కొన్ని పరికరాలు, ఉదాహరణకు తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ, ముందు సీట్ల మధ్య తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ వంటివి, మన దేశంలో అమ్మే వేరియంట్‌లో ఉండకపోవచ్చు. షోరూమ్‌లో సేల్స్ ప్రతినిధి ఇచ్చే రంగుల పుస్తకాన్ని పక్కన పెట్టి, మీరు కొనబోయే వేరియంట్‌లో ఏ రక్షణ పరికరాలు ఉన్నాయో రాతపూర్వకంగా అడిగి తీసుకుని, యూరో ఎన్‌క్యాప్ నివేదికలోని పరికరాల పట్టికతో సరిచూసుకోండి. మన సొంత ప్రమాద పరీక్షల పథకం భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 3.5 టన్నుల లోపు కార్లన్నీ దాని పరిధిలోకి వస్తాయి. అయితే ఆ పరీక్షకు బండిని పంపడం కంపెనీల ఇష్టానికే వదిలేశారు. తొలి ఐదు స్టార్లు ఆ ఏడాది డిసెంబరులో టాటా హారియర్‌కూ సఫారీకీ వచ్చాయి.

స్టార్లన్నీ బెల్టు పెట్టుకున్న బొమ్మల మీద వచ్చినవని కూడా గుర్తుంచుకోవాలి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో, సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఆయన ప్రయాణిస్తున్నది మెర్సిడెస్ జీఎల్‌సీ. ఆ మోడల్‌కు 2015లో యూరో ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడగా, బెల్టు పెట్టుకోకుండా వెనుక కూర్చున్న ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. వెనుక సీట్లోనూ బెల్టు తప్పనిసరి అన్న నిబంధన అప్పటికే ఉంది. ఆ తరువాతి ఏడాది, బెల్టు పెట్టుకోకుండానే అలారం ఆపేసే క్లిప్పులను అమ్మవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను ఆదేశించినప్పుడు, 13,118 ప్రకటనలను తొలగించవలసి వచ్చింది. కోటి రూపాయల బండిలో కూర్చుని రెండు వందల క్లిప్పుతో దాని నోరు మూయించేవారు ఇందరున్నారు మరి.

ఇక మీ మిత్రుల మాట. ఖరీదైన బండికి ఫిర్యాదులు తక్కువగా ఉంటాయన్న నమ్మకం సరైనది కాదు. ఎలక్ట్రానిక్స్ ఎంత ఎక్కువైతే చెడిపోయేవి అంత ఎక్కువవుతాయి. అమెరికాలో జె.డి. పవర్ సంస్థ మూడేళ్లు వాడిన బండ్ల యజమానులను అడిగి, ప్రతి 100 బండ్లకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగడుతుంది. 2024 నివేదికలో సగటు 190. లగ్జరీ బ్రాండైన లెక్సస్‌కు 135 మాత్రమే వచ్చింది, అంటే అందరికంటే మెరుగు. అన్ని బ్రాండ్లనూ కలిపి చూస్తే ఎక్కువ సమస్యలు వచ్చింది ఇంజిన్‌లో కాదు, స్క్రీన్, ఫోన్ అనుసంధానం, మాటను గుర్తించే వ్యవస్థల వద్ద. ఈ లెక్కలో మాట వినిపించుకోని స్క్రీన్ కూడా ఒక సమస్యే, దారి మధ్యలో ఆగిపోయిన ఇంజిన్ కూడా ఒక సమస్యే. సంఖ్యను మాత్రమే చూస్తే ఈ తేడా కనిపించదు.

అందువల్ల మిత్రులను మరో రెండు ప్రశ్నలు అడగండి. గేరు కుదుపు ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు వస్తోందా, లేక వేగంలో ఉండగా చక్రాలకు శక్తి అందకుండా పోతోందా? మొదటిది చెప్పులో రాయి వంటిది, బాధిస్తుంది గాని ప్రాణం తీయదు. రెండోదైతే ఆ బండి జోలికి పోవద్దు. స్క్రీన్ నల్లబడినప్పుడు పాటలు మాత్రమే ఆగుతున్నాయా, స్పీడోమీటరూ వెనుక కెమెరా కూడా పోతున్నాయా? రెండోదే అయితే దాన్ని చిన్న చిరాకుగా తీసిపారేయకూడదు.

ప్రశ్న: మాది టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో. అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు కాబట్టి, 2015 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుందామనుకుంటున్నాను. ప్రభుత్వ సంస్థ వద్ద దాని మీద ఉన్న ఫిర్యాదులు చదువుతూ పోతే హనుమంతుడి తోకలా అంతు లేదు. పైగా ఇక్కడ రెండు సంస్థలు రెండు రకాల రేటింగులు ఇస్తున్నాయి. ఏది చూడాలి?
(ఒక పాఠకురాలు, ఫ్రిస్కో)

జవాబు: రేటింగుల గొడవ తేలికైనది కనుక ముందు దాన్ని చెబుతాను. అమెరికాలో రహదారి భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ బండి ముందు భాగం మొత్తాన్ని గంటకు 56 కిలోమీటర్ల వేగంతో గోడకు ఢీకొట్టిస్తుంది. బీమా కంపెనీల నిధులతో నడిచే ఐఐహెచ్‌ఎస్ 2012 నుంచి మరో కఠిన పరీక్ష పెట్టింది. అందులో బండి ముందు భాగంలో నాలుగో వంతు మాత్రమే, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డును తాకుతుంది. చెట్టుకో స్తంభానికో ఒక మూల తగిలే ప్రమాదానికి ఇది దగ్గరగా ఉంటుంది. మొదటి ఏడాది ఈ పరీక్షలో పేరున్న లగ్జరీ సెడాన్లు కొన్ని అట్టడుగు గ్రేడు తెచ్చుకున్నాయి. ఎత్తైన బండి ఏ మేరకు బోల్తాపడవచ్చో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ విడిగా స్టార్లు ఇస్తుంది. ఎస్‌యూవీ కొనేవారు ఆ వరుసను తప్పక చూడాలి. మరొక సంగతి, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఎదురు ఢీ స్టార్లను దాదాపు అదే బరువున్న బండితోనే పోల్చాలని ఆ సంస్థే చెబుతుంది. రెండున్నర టన్నుల ఎస్‌యూవీకి వచ్చిన ఐదూ, చిన్న కారుకు వచ్చిన ఐదూ సమానం కావు.

మీరు ఎంచుకున్న బండికి ఉన్న చరిత్ర మాత్రం వివరంగా చెప్పుకోవలసినదే, ఎందుకంటే యజమానుల ఫిర్యాదులకు ఎంత విలువ ఉందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తోచదు. 2014, 2015 మోడళ్ల గ్రాండ్ చెరోకీలో గేరు లివర్ మామూలుగా ఉండదు. ముందుకో వెనక్కో నెట్టి వదిలేస్తే తిరిగి మధ్యకే వచ్చి నిలబడుతుంది. కనుక బండి పార్క్‌లో ఉందో రివర్స్‌లో ఉందో చేతికి తెలియదు, వెలిగే అక్షరాన్ని చూసి తెలుసుకోవాలి. పార్క్‌లో వేశామనుకుని ఇంజిన్ ఆపకుండా దిగిన వారి బండ్లు కదిలిపోయాయి. యజమానులు ఒక్కొక్కరుగా రాసిన ఫిర్యాదుల మీద ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2015లో విచారణ మొదలుపెట్టింది. 2016 ఫిబ్రవరికి ఫిర్యాదులు 300 దాటాయి, వాటిలో వందకు పైగా ఢీకొన్న ఘటనలున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ, ఇదే లివర్ ఉన్న మరి రెండు సెడాన్లను కూడా కలిపి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల బండ్లను రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. రెండు నెలలకు, జూన్‌లో, లాస్ ఏంజెలెస్‌లో ఆంటన్ యెల్చిన్ అనే 27 ఏళ్ల నటుడు తన ఇంటి ముందున్న వాలు దారిలో వెనక్కి దొర్లిన సొంత గ్రాండ్ చెరోకీకీ, ఇటుకల స్తంభానికీ మధ్య నలిగి మరణించాడు. అది కూడా రీకాల్‌లో ఉన్న 2015 మోడలే.

లివర్ పార్క్‌లో ఉన్నట్టు అనిపిస్తుందా లేదా అన్నది ఏ ప్రమాద పరీక్షలోనూ భాగం కాదు. ఆ లోపాన్ని బయటపెట్టింది గోడకు ఢీకొట్టిన బొమ్మలు కావు, కారు దిగి రెండడుగులు వేసిన మనుషులు.

కాబట్టి మీరు చేయవలసినవి ఇవి. బండికి ఉన్న 17 అక్షరాల వీఐఎన్ అనే గుర్తింపు సంఖ్యను ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వద్ద నమోదు చేస్తే, ఆ ఒక్క బండికి పూర్తికాని రీకాల్ ఏదైనా ఉందేమో తెలుస్తుంది. ఈ గేరు రీకాల్‌లో, పార్క్‌లో వేయకుండా డ్రైవర్ తలుపు తెరిస్తే బండి తనంతట తానే పార్క్‌లోకి వెళ్లేలా సాఫ్ట్‌వేర్ మార్చారు. అది జరిగిందని ఖాయమయ్యాకే బేరం మాట్లాడండి. తరువాత ఫిర్యాదులు చదవండి, లెక్కపెట్టకండి. ఎక్కువగా అమ్ముడైన బండికి ఎక్కువ ఫిర్యాదులు ఉండటం సహజం. ఒకరినొకరు ఎరగని పాతికమంది, ఒకే భాగం గురించి, ఒకే పరిస్థితిలో, దాదాపు ఒకే మాటల్లో రాశారంటే అక్కడ ఆగాలి. వాటి పక్కనే, కంపెనీ తన డీలర్లకు మరమ్మతు గురించి పంపిన సాంకేతిక సూచనలు కూడా ఉంటాయి. నా మటుకు నేను ఫిర్యాదుల కంటే ముందు వాటినే చదువుతాను. తమ బండిలో ఏది చెడిపోతోందో కంపెనీయే ఒప్పుకుని రాసిన కాగితాలవి.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. స్టార్లకూ దొరకక, యజమానులకూ తెలియక మిగిలే లోపాలుంటాయి. 2010 ఏప్రిల్‌లో అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ లెక్సస్ జీఎక్స్ 460ను తన ట్రాక్ మీద మలుపు తిప్పుతూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు, బండి అదుపు తప్పకుండా చూసే స్థిరత్వ వ్యవస్థ అడ్డుకునే లోపే బండి వెనుక భాగం దాదాపు అడ్డం తిరిగింది. ఆ పత్రిక కొనవద్దని ప్రకటించిన వారం రోజుల్లో టయోటా సుమారు 9,400 బండ్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది. మే నెలలో పత్రిక మళ్లీ పరీక్షించి హెచ్చరికను ఎత్తేసింది. అందుకే స్వతంత్రంగా నడిపి చూసినవారి నివేదికను మూడో సాక్ష్యంగా పెట్టుకోవాలి.

ప్రశ్న: పదేళ్లు దాటిన ఒక జర్మన్ ఎస్‌యూవీ కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకే వస్తోంది. కొత్తగా ఉన్నప్పుడు దానికి ఐదు స్టార్లు వచ్చాయి. తీసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఆ స్టార్లు కొత్త బండికి వచ్చినవి. మీరు ఉంటున్నది సముద్రం పక్క ఊరు కనుక ముందుగా ఎయిర్‌బ్యాగుల గురించే చెబుతాను. జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో గాలి నింపే భాగానికి అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ పదార్థం గుణం మారి, ప్రమాద సమయంలో అవసరానికి మించిన బలంతో పేలుతుంది. దాని లోహపు గుల్ల పగిలి ముక్కలు ఎదుట కూర్చున్నవారి మీదకు దూసుకొస్తాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగుల మీద రీకాల్ వచ్చింది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి కూడా అందులో ఉన్నాయి. తకాటా 2017లో దివాలా తీసింది. తేమ, వేడి ఎక్కువగా ఉన్న తీర ప్రాంతాలలో ముప్పు ఎక్కువని తేలింది, మన కోస్తా వాతావరణం సరిగ్గా అదే. ఛాసిస్ సంఖ్య తీసుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉన్నదా, ఉంటే మార్చారా అని కాగితం మీద అడగండి.

తరువాత చూడవలసింది వరద. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అటువంటి బండ్లను బీమా కంపెనీలు వేలంలో అమ్మేస్తాయి, కొన్నవారు శుభ్రం చేసి మళ్లీ సంతలోకి తెస్తారు. ఎయిర్‌బ్యాగులను నియంత్రించే పెట్టె సాధారణంగా కారు నేల మీదనే, మధ్య భాగంలో ఉంటుంది. దానిలోకి నీరు వెళ్లిన బండికి మీరు ఎన్ని స్టార్లు చూపించినా ప్రయోజనం లేదు. సీటు పట్టాల కింద తుప్పు, బెల్టును చివరి వరకు లాగినప్పుడు కనిపించే బురద గీత, సీటు కింది వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొర ఉన్నాయేమో చూడండి. పాత బీమా క్లెయిముల వివరాలు కూడా రప్పించుకోండి. ముందు అద్దం మార్చిన బండి అయితే, దానికి అమర్చిన కెమెరాను తిరిగి సరిచేయించారో లేదో అడగాలి. లేదంటే దూరాన్ని తప్పుగా అంచనా వేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, ఇటువంటి బండి ధరలో దాదాపు సగం మొత్తాన్ని మరమ్మతులకు విడిగా పెట్టుకోగలిగినవారే దాని జోలికి వెళ్లాలి. ఏనుగును కొని అంకుశానికి గీచిగీచి బేరమాడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ప్రశ్న: ఏడాది కిందట 85 లక్షలు పెట్టి ఎస్‌యూవీ కొన్నాము. కంపెనీ పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. బ్రేకు హెచ్చరిక దీపం వెలిగి బండి వేగం తగ్గిపోవడం ఇప్పటికి ఆరుసార్లు జరిగింది. ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని చెప్పి పంపుతున్నారు. బండి మా సంస్థ పేరు మీద ఉంది, కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు లేదని అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: సంస్థ పేరు మీద కొన్నంత మాత్రాన హక్కు పోదు. డైరెక్టర్ల సొంత వాడకానికి కంపెనీ కొన్న కారు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని, ఒక మెర్సిడెస్ కేసులో సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది. మీ బండి అద్దెకు తిరగడం లేదని, డైరెక్టర్లు సొంతానికి వాడుకుంటున్నారని చూపగలిగితే చాలు. చెల్లించిన ధర 50 లక్షలు దాటి 2 కోట్ల లోపు ఉన్నందువల్ల మీరు వెళ్లవలసింది జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి.

అయితే కమిషన్ ముందు నెగ్గడానికి కోపం సరిపోదు, కాగితాలు కావాలి. సర్వీస్ సెంటర్ ప్రతిసారీ రాసి ఇచ్చే జాబ్ కార్డులు, ఆరుసార్లకు ఆరు, మీ దగ్గర ఉన్నాయా? వాటిలో మీరు చెప్పిన సమస్యను మీ మాటల్లో రాశారా, లేక సాధారణ తనిఖీ అని రాసి పంపారా? చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. దీపం వెలిగినప్పుడు తేదీ, సమయం, అప్పటి వేగం, కిలోమీటర్ల అంకె కనిపించేలా పక్కనున్నవారితో వీడియో తీయించండి. స్కాన్ చేసినప్పుడు వచ్చిన లోపాల కోడ్ల ప్రతిని అడిగి తీసుకోండి. తయారీ లోపం ఉందని వాదించేవారు నిపుణుడి నివేదికతో దాన్ని నిరూపించవలసి ఉంటుంది. ముందుగా కంపెనీ ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇచ్చి, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

దీనితోపాటు కేంద్ర రవాణా శాఖకు కూడా తెలియజేయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోనూ, ఏడేళ్ల లోపు బండ్లలో భద్రతా లోపం ఉంటే రీకాల్ చేయాలని ప్రభుత్వమే ఆదేశించగలదు. దానికి నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు రావాలి. సంఖ్య అమ్మకాలను బట్టి మారుతుంది. లగ్జరీ బండి కొన్నవారు కొద్దిమందే కాబట్టి, అందులో పదిమంది మాకెందుకులే అని ఊరుకున్నా ఆ సంఖ్య చేరుకోవడం కష్టమవుతుంది. మీరు రాసే ఆ ఒక్క ఫిర్యాదు అక్కడ లెక్కకు వస్తుంది.

ప్రశ్న: పల్లెటూరి దారుల్లో తిరగాలి కాబట్టి కొత్త ఎస్‌యూవీకి ముందు ఇనుప గార్డు బిగించి, సీట్లకు లెదర్ కవర్లు వేయించాలనుకుంటున్నాను. స్టార్లు తగ్గుతాయా?
(ఒక రైతు, కర్నూలు జిల్లా)

జవాబు: స్టార్లు కాగితం మీద అలాగే ఉంటాయి, రక్షణ మాత్రం తగ్గుతుంది. బండి ముందు భాగాన్ని నలిగి దెబ్బను మింగేలా తయారుచేశారు. గార్డు ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు సమయానికి స్పందించకుండా కూడా చేయవచ్చు, అడ్డొచ్చిన మనిషికైతే చెప్పనక్కరలేదు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వీటిని చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. ఇక కవర్ల విషయానికొస్తే, ముందు సీట్ల పక్క అంచు మీద ఎయిర్‌బ్యాగ్ అని చిన్న గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అక్కడి నుంచే పక్క ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలి, దాని మీద గట్టిగా కుట్టిన కవరు వేయకూడదు. కంపెనీవారే ఆ చోట విడిపోయే కుట్టుతో ఇచ్చే కవర్లుంటే వాటినే వేయించండి, ధర కాస్త ఎక్కువైనా.